ఇద్దరికీ కలిపి మిగిలింది

రెండు వేల ఇరవై అయిదులో, ఎండలు ముదరకముందే, విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్రభుత్వ పథకాల డెస్కు ఎగ్జిక్యూటివ్‌గా చేరాను. నేను చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో బీటెక్. ఆ చదువుకు తగిన ఉద్యోగం దొరికేదాకా ఇది చేద్దామనుకున్నాను. ఏడాది దాటాక మానేశాను. ముప్పై నిండని వాడు ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. కానీ ఆ ఉద్యోగంలోకి మళ్లీ వెళ్లే ఉద్దేశం లేదు కాబట్టి, ఆ ఒక్క పని మేరకు నేను రిటైరైనట్టే. పెద్దవాళ్ల ఆరోగ్య బీమా గురించి ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. వాళ్లకు నేను చెప్పే జవాబు వెనుక ఒక దంపతుల సంగతి ఉంది. అది రాస్తాను.

ముందు పని ఏమిటో చెప్పాలి. మా డెస్కు కింది అంతస్తులో, మందుల షాపుకీ లిఫ్టుకీ మధ్య ఉండేది. రెండు కౌంటర్లు. ఒకదానిలో ఆరోగ్యమిత్ర సునీత గారు కూర్చునేవారు. ఆరోగ్యమిత్ర అంటే ఆసుపత్రి మనిషి కాదు, రోగి తరఫున చూడమని పథకం వాళ్లు నియమించిన మనిషి. రెండో కౌంటరు నాది, ఆసుపత్రి తరఫుది. డాక్టరు ఆపరేషన్ కావాలని రాయగానే కాగితాలు నా దగ్గరికి వస్తాయి. కార్డు సరిచూడాలి, ఆ జబ్బుకు పథకంలో ఏ ప్యాకేజీ వర్తిస్తుందో ఎంచాలి, రిపోర్టులు, రోగి ఫోటో జతచేసి ప్రీఆథ్ పెట్టాలి. ప్రీఆథ్ అంటే ముందస్తు అనుమతి. అది వచ్చాకే రోగిని థియేటర్‌లోకి తీసుకెళతారు. డిశ్చార్జి రోజున ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో రోగికి చెప్పి సంతకం తీసుకోవాలి. ఆ తరువాత క్లెయిము. ఇంతే పని. వరుస తప్పితే ఏదో ఒకచోట ఆగిపోతుంది, అందుకని వరుస తప్పనిచ్చేవాణ్ణి కాదు.

కేంద్రం డెబ్బై ఏళ్లు నిండినవాళ్లందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా అయిదు లక్షల దాకా వైద్యం ఇస్తామని అంతకు కొద్ది నెలల ముందే ప్రకటించింది. దాన్ని అందరూ డెబ్బై ఏళ్ల కార్డు అనేవాళ్లు. ఆధార్ ఉంటే చాలు, అందులో ఉన్న వయసే లెక్క. ఈ మాట తెలిసి వచ్చేవాళ్లూ, తెలియక వచ్చేవాళ్లూ రోజూ ఉండేవాళ్లు. నేను ప్రతి పెద్దమనిషినీ కొన్ని ప్రశ్నలు అడిగేవాణ్ణి. బియ్యం కార్డు ఉందా? ఉంటే ఆరోగ్యశ్రీ ఎలాగూ వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారా? అయితే ఉద్యోగుల పథకం కార్డు ఉంటుంది. కేంద్ర ప్రభుత్వంలో పనిచేశారా? అయితే ఆ పాత పథకమో, ఈ కొత్త కార్డో ఏదో ఒకటి ఎంచుకోవాలి, తొందరపడకుండా ఎంచుకోవాలి. కొడుకో కూతురో ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఈఎస్ఐ కడుతున్నారా? సొంతంగా ప్రైవేటు పాలసీ ఉందా? ఈ రెండూ ఉన్నా డెబ్బై ఏళ్ల కార్డు తీసుకోవచ్చు. ఇంకొకటి కూడా ముందే చెప్పేవాణ్ణి: ఇది ఆసుపత్రిలో చేరి మంచమెక్కితేనే పనిచేసే కార్డు, ఓపీ చీటీకీ ఊరికే కొనుక్కునే మందులకూ పనిచేయదు.

వీర్రాజు గారిని బందరు నుంచి అంబులెన్సులో తెచ్చారు. గుండె రక్తనాళాలు మూడు చోట్ల మూసుకుపోయాయి. బందరు అవతల సముద్రపు ఊరు వాళ్లది. ఆయన జీవితమంతా వేటకు వెళ్లినవాడు, ఒక పడవకు యజమాని. వెంట భార్య నాంచారమ్మ గారు, కూతురు దుర్గ వచ్చారు. దుర్గకు నలభై దాటి ఉంటాయి. హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్కన చేపలు అమ్ముతుంది. నన్ను చూడగానే ఆవిడ వేసిన మొదటి ప్రశ్న, "డబ్బు కట్టాలా, కార్డు పనిచేస్తదా, ముందు అది తేల్చు తమ్ముడూ" అని.

బియ్యం కార్డు ఉందా అని అడిగాను.

"ఉండేది. తీసేశారు. కరెంటు ఎక్కువ కాలుస్తున్నారంట."

"ఇంట్లో ఏసీ ఉందా?"

"ఏసీ ఎక్కడిది నాయనా! నేను చేపలు పెట్టుకునే ఫ్రీజరుంది. మీటరేమో నాన్న పేరున. చేపలు చల్లగా ఉన్నాయని మనుషుల కార్డు పీకేశారు."

పక్క కౌంటర్లోంచి సునీత గారు నవ్వు ఆపుకోలేకపోయారు. బియ్యం కార్డు లేకపోయినా ఆదాయ ధ్రువపత్రంతో ఆరోగ్యశ్రీకి విడిగా పెట్టుకునే వీలుంది. వాళ్లు పెట్టుకోలేదు, ఇప్పుడు దానికి సమయం లేదు. ఆధార్‌లు చూశాను. ఇద్దరికీ డెబ్బై దాటింది. ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు ఇద్దరుంటే ఇద్దరి కార్డులూ ఒకేసారి తీయడం నా పద్ధతి. రెండోవాళ్లకు అవసరం వచ్చినప్పుడు పరుగులు పెట్టకూడదని.

వీర్రాజు గారి వేలిముద్ర పడింది. నాంచారమ్మ గారి వేలిముద్ర ఏ వేలుతోనూ పడలేదు. ఏళ్ల తరబడి ఉప్పులో చేపలు కలిపిన చేతులు, గీతలు అరిగిపోయాయి. అలాంటప్పుడు ఫోను కెమెరాకు ముఖం చూపించి కళ్లు ఆర్పితే సరిపోతుంది. ఆమె ఫోను వైపు చూడమంటే కొంచెం పక్కకు చూసింది. రెండుసార్లు యాప్ ఒప్పుకోలేదు. మూడోసారి దుర్గ తల్లి గడ్డం పట్టుకుని తిప్పింది. "ఇటు చూడవే అమ్మా, ఫోటో అంటే సిగ్గేంటి ఈ వయసులో" అంది. అప్పుడు ఒప్పుకుంది. ఫోను ముందు బెదిరిపోయే ముసలివాళ్లను రోజూ చూసేవాళ్లం. అందరం అలాగే అనుకున్నాం.

ప్రీఆథ్ ఆ సాయంత్రానికే వచ్చింది. బైపాస్ చేశారు. ఆయన కోలుకోవడం మొదలుపెట్టాక క్లెయిముకు కావలసిన ఫోటో కోసం వార్డుకు వెళ్లాను. రోగి మంచం మీద ఉండగా ఫోటో తీయాలన్నది నియమం. వీర్రాజు గారు అప్పటికే పక్క మంచాలవాళ్లతో చుట్టరికాలు కలిపేశారు.

"మీదే ఊరు బాబూ?" అన్నారు.

"ఇక్కడేనండి. వన్ టౌన్."

"వన్ టౌనా! అక్కడ గాలి కూడా హోల్‌సేల్లో అమ్ముతారంట గదా. మీ నాన్న ఏం అమ్ముతాడు?"

"తాళాలండి. ఇత్తడి తాళాలు, గొళ్లాలు."

"సాయిబు గారి తాళమా," అన్నారు. నర్సు నన్ను పేరుపెట్టి పిలవడం విన్నట్టున్నారు. "అయితే నా గుండెకి ఒకటి వేయించు. ఊరికే తెరుచుకోకుండా."

నాంచారమ్మ గారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. "నోరు మూసుకుని పడుకో. కుట్లు ఊడతాయి" అంది.

ఆయన నాతోనే మాట్లాడారు. "చూశావా? పడవ నాది. మాట దీనిది. వాటాలు వేసేది కూడా ఇదే." తీరంలో వాటాలు ఎలా వేస్తారో చెప్పారు. పడవ ఒడ్డుకు రాగానే చేపలన్నీ ఇసుక మీద పోస్తారు. పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా, వేటకు వెళ్లిన ఒక్కో మనిషికి ఒక్కో వాటా. వాళ్ల ఒడ్డున ఆ పంపకం ఏళ్లుగా నాంచారమ్మ గారిది. కుప్పలు చూసి ఇది పెద్దది, అది చిన్నది అని ఎవరూ పేచీ పెట్టరట, కంటితోనే సమానంగా వేస్తుంది. పడవ మనిషి ఎవరైనా జబ్బుపడి వేటకు రాలేకపోతే అతనికీ ఒక చిన్న వాటా తీస్తారు. అది అతని ఇంటికి చేరేదాకా ఎవరూ ముట్టుకోరు. అమ్ముకోవడానికి కూడా వీల్లేదు, ఉప్పు వేసి పక్కన పెడతారు.

"అది మాత్రం తెగ కాస్తుంది ఇది. ఒకసారి మా తమ్ముడు అందులో నుంచి ఒక్క పండుగప్ప తీశాడని ఊరంతా వినేటట్టు కడిగేసింది" అన్నారు వీర్రాజు గారు.

"తీయొచ్చా మరి? ఒడ్డున కూర్చున్నోడి వాటా అది" అంది ఆవిడ.

నాకు ఆ కబుర్లు బాగున్నాయి. ఫోటో తీసుకుని వచ్చేశాను.

డిశ్చార్జి ముందు రోజు సర్జన్ రౌండ్లకు వచ్చినప్పుడు ఒక మాట అన్నారు. ఒక వాల్వు కొంచెం బలహీనంగా ఉంది, ఇప్పటికి దాని జోలికి వెళ్లక్కరలేదు, ముందు ముందు అవసరమైతే ఇంకో ఆపరేషన్ చేద్దాం అని. డాక్టర్లు అలాంటి మాట చెప్పి తీరాలి. నాంచారమ్మ గారు అక్కడే ఉంది.

మరునాడు ముగ్గురూ నా కౌంటరు ముందుకొచ్చారు. దుర్గ ఫోనుకు మెసేజి వచ్చింది. అందులో వాడిన మొత్తం, మిగిలిన మొత్తం ఉన్నాయి. దాన్ని చదివి వినిపించడం నా పని. చదివాను. "మీ ఇద్దరికీ కలిపి మిగిలింది ఇది" అన్నాను. అది సరైన మాటే. ఆ కార్డు కింద ఒక ఇంట్లో డెబ్బై దాటినవాళ్లందరికీ కలిపే ఆ మొత్తం. ఎవరికి వారిది విడిగా ఉండదు.

నాంచారమ్మ గారు తల ఎత్తింది. "ఇద్దరికీ కలిపా బాబూ?"

"అవును మామ్మ గారూ, కలిపే."

ఇంకేమీ అడగలేదు. సంతకానికి బదులు వీర్రాజు గారు వేలిముద్ర వేశారు. వెనుక చాలామంది నిలబడి ఉన్నారు.

ఆ తరువాత ఏడాదిలో వాళ్లు చెకప్‌లకు మూడు నాలుగు సార్లు వచ్చారు. మాత్రలు మార్చడం, ఈసీజీ, ఎకో. డెస్కుతో పనిలేకపోయినా వీర్రాజు గారు నా దగ్గరకొచ్చి "తాళం బాగానే ఉంది" అని చెప్పి వెళ్లేవారు. నాంచారమ్మ గారు ఎప్పుడూ కూతురి భుజం పట్టుకుని నడిచేది. టోకెను నంబరు తెర మీద వస్తే "ఏమొచ్చింది" అని పక్కవాళ్లను అడిగేది. చదువురాదని అనుకున్నాం.

ఏడాది తిరిగాక ఒక ఉదయం వచ్చారు. వీర్రాజు గారు ఎకో గదికి వెళ్లారు. నాంచారమ్మ గారు, దుర్గ నా కౌంటరు దగ్గరకొచ్చారు. ఆవిడ చేతిలో క్యారీబ్యాగు ఉంది. "ఎండు రొయ్యలు బాబూ, మీ అమ్మకివ్వు. ఉప్పు తక్కువేశాను" అంటూ కౌంటరు మీద పెట్టింది. పెట్టాననుకుంది. బల్ల అంచుకు జానెడు ఇవతల, గాల్లో వదిలేసింది. సంచి కిందపడి విచ్చుకుంది. తెల్లటి టైల్స్ మీద రొయ్యలు చెల్లాచెదురయ్యాయి.

వాసనకు సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది, ఆస్పత్రా, చేపల మార్కెట్టా!"

"మార్కెట్టయితే ఈపాటికి అమ్ముడుపోయేవి" అంది దుర్గ. వంగి ఏరుతూ తల్లి మీద విరుచుకుపడింది. "బల్ల అక్కడుంటే ఇక్కడ వదిలేస్తావేంటే! మొన్న అన్నం గిన్నె అట్టాగే వదిలింది. అంతకుముందు పడవ తాడు తట్టుకుని పడింది. చూపు తగ్గిందే అమ్మా అంటే వినదు తమ్ముడూ. వాటాలు కూడా కోడలికప్పజెప్పింది. ఎందుకంటే ఓపిక లేదంటది."

నాంచారమ్మ గారు కూడా వంగింది. రొయ్యలున్న చోట కాకుండా, ఏమీలేని చోట నేల తడుముతోంది.

అప్పుడు నేను కౌంటరు దాటి బయటికొచ్చాను. ఆమె ఎదురుగా నిలబడి, "మామ్మ గారూ, నా చెయ్యి కనబడుతోందా?" అని పక్కన ఎత్తి పట్టుకున్నాను. లేదంది. నెమ్మదిగా ముఖానికి ఎదురుగా తెచ్చాను. బాగా దగ్గరికి వచ్చాక, "ఆఁ, ఇప్పుడొచ్చింది" అంది. ఎడమవైపు నుంచి తెస్తే అసలు రాలేదు.

కుర్చీలో కూర్చోబెట్టి ఎప్పటి నుంచి అని అడిగాను. చాలా రోజులైందంది. వాళ్ల ఊళ్లో కంటి శిబిరం పెట్టారట. వీర్రాజు గారు డిశ్చార్జి అయి వెళ్లిన కొన్నాళ్లకే. అక్కడ పరీక్ష చేసినవాళ్లు కంట్లో ఒత్తిడి ఎక్కువగా ఉంది, పెద్దాసుపత్రిలో చూపించుకో, చుక్కల మందు వేస్తారు, ఆపరేషన్ కూడా పడొచ్చు అన్నారట.

దుర్గ చేతిలో రొయ్యలు అలాగే ఉండిపోయాయి. "నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఊరుకుంటావా. ఆస్పత్రికి లాక్కొస్తావు."

"లాక్కొస్తే ఏమవుద్ది? కార్డుందిగా నీక్కూడా!"

"కార్డు నాకున్నా డబ్బులు ఆయనవి. ఈ బాబే చెప్పాడు, ఇద్దరికీ కలిపి అదే ఉందని. ఆయనకి ఇంకో ఆపరేషన్ పడుద్దని డాక్టరు గారు చెప్పలేదా? నా కంటికి తీస్తే ఆయనకి తగ్గదా? కన్ను లేకపోతే తడుముకునైనా బతుకుతాం. గుండె అట్టా కాదుగా."

"గవర్నమెంటు ఆస్పత్రికన్నా వెళ్లొచ్చుగా!"

"వెళ్లాను. ఒక్కదాన్నే వెళ్లాను బందరు బస్సెక్కి. అక్కడ కూడా ముందు కార్డే అడిగారు. కార్డు గీకితే తగ్గిపోద్దని వచ్చేశాను."

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కార్డు లేకపోయినా వైద్యం చేస్తారు. కార్డు ఉంటే పథకం కింద నమోదు చేసుకుంటారు, ఆసుపత్రికి ఆ సొమ్ము వస్తుంది కాబట్టి ముందు కార్డు అడుగుతారు. అడిగినవాళ్ల తప్పూ లేదు. తిరిగొచ్చేసిన ఆమె తప్పనీ నేను అనలేను. ఆమె లెక్క ప్రకారం ఆ మొత్తం ఒడ్డున కూర్చున్నవాడి వాటా. ఉప్పు వేసి పక్కన పెట్టిన వాటా. ఎవరూ చెయ్యి పెట్టకూడదు, తనైనా సరే.

నేను నా సీట్లోకి వెళ్లి వాళ్ల కార్డు నంబరు కొట్టాను. తెర మీద మొత్తం అయిదు లక్షలూ ఉన్నాయి. పథకం సంవత్సరం మారగానే, పోయిన ఏడు మిగిలింది మురిగిపోయి, కొత్త ఏటికి పూర్తి మొత్తం మళ్లీ వచ్చింది. ఎప్పుడూ అలాగే జరుగుతుంది. అందులో విశేషమేమీ లేదు. ఆమె ఏడాదిపాటు కాపాడిన మొత్తం ఎవరూ వాడకుండానే లెక్కలోంచి పోయింది. పైగా పోయిన ఏడు కూడా బైపాస్‌కు అయింది అందులో సగం లోపే. వీర్రాజు గారికి వాల్వు ఆపరేషన్, ఆమెకు కంటి ఆపరేషన్ ఆ ఏడే చేసినా ఇంకా మిగిలేది.

మానిటర్ ఆమె వైపు తిప్పాను. "చూడండి మామ్మ గారూ, మొత్తం ఉంది" అన్నాను. ఆమె మానిటర్ ఉన్న చోటికి కాక, నా గొంతు వచ్చిన చోటికి చూసింది. దాన్ని మళ్లీ నా వైపు తిప్పేసుకున్నాను.

అప్పుడు నోటితో చెప్పాను. ఈ డబ్బు ఒక్కసారి ఇచ్చి ఊరుకునేది కాదు. ఏడాదికోసారి మళ్లీ మొదటికొస్తుంది. ఈ ఏడు వాడనిది వచ్చే ఏటికి నిలవ ఉండదు. మిగిల్చినా తాతగారికి చేరదు.

"ఏటేటా కొత్తదా?" అంది.

"అవునండి."

"అయితే దాచేది కాదన్నమాట." ఆగింది. "ఆ మాట అప్పుడే అనుంటే బాగుండేది బాబూ."

కోపంగా అనలేదు. మార్కెట్టులో తూకం గురించి మాట్లాడినట్టే అంది.

ఎకో గది నుంచి వీర్రాజు గారు నవ్వుతూ వచ్చారు. వాల్వు ఉన్నది ఉన్నట్టే ఉందట, ఇప్పట్లో ఏ ఆపరేషనూ అక్కరలేదన్నారట. దుర్గ ఆయనకు సంగతంతా చెప్పింది. ఆయన ముఖం మారిపోయింది.

"నా వాటా కాయమని నిన్నెవరడిగారే?"

"ఒకళ్లు అడగాలా? ఒడ్డున కూర్చున్నోడి వాటా ఇంకెవరు కాస్తారు?"

"నేనెక్కడ కూర్చున్నాను! మూడో నెలకే లేచి తిరుగుతున్నాగా!"

"నీ సంగతి నాకు తెలీదా. రాత్రుళ్లు నువ్వు ఊపిరెట్టా తీస్తున్నావో వింటానే ఉన్నాను."

ఆయన ఆమె పక్కన కూర్చుని, దుర్గ చేతిలోని క్యారీబ్యాగు తీసుకుని ముడి వేయడం మొదలుపెట్టారు. వేసిన ముడే విప్పి మళ్లీ వేశారు.

సునీత గారు అప్పటికే కంటి విభాగానికి ఫోను చేశారు. ఓపీ చీటీ డబ్బు దుర్గ కట్టింది, అది కార్డు పరిధిలోకి రాదు కాబట్టి. జబ్బు పేరు గ్లకోమా. పెద్దవాళ్లు నీటికాసులు అంటారు. కంటిలోపలి ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని తినేస్తుంది. నొప్పి ఉండదు. చూపు అంచుల నుంచి మొదలై మధ్యకు తగ్గుతూ వస్తుంది, అందుకే చాలాకాలం మనిషికి తెలియదు. శుక్లమైతే ఎప్పుడు తీయించుకున్నా చూపు వస్తుంది. ఇందులో పోయిన చూపు రాదు. ఎడమ కన్ను వెలుతురు, చీకటి మాత్రమే గుర్తుపడుతోంది. కుడి కంట్లో గొట్టంలోంచి చూసినంత మేర మిగిలింది. కంటి డాక్టరు ఆమెకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పారు: "పోయింది తేలేను. ఉన్నది నిలబెట్టడానికి ఆపరేషన్ చేస్తాను." శిబిరంలో చెప్పినప్పుడే వచ్చి ఉంటే అని దుర్గ అడగబోయింది. ఆయన ఆపరేషన్ చీటీ రాసి ఆమె చేతిలో పెట్టారు.

ప్రీఆథ్ నేనే పెట్టాను. ప్యాకేజీ, రిపోర్టులు, ఫోటో. ముఖం చూపించి కళ్లు ఆర్పే పని మళ్లీ వచ్చింది. ఏడాది క్రితం ఫోను ముందు ఆమె ఎందుకు పక్కకు చూసిందో అప్పుడు అర్థమైంది. సిగ్గు కాదు, బెదురూ కాదు. ఎడమ కంటితో చూడలేక, కుడి కంటికి ఫోను అందేటట్టు తల తిప్పుకుంది. ఆ యాప్ రెండుసార్లు ఆ సంగతే చెప్పింది. మేము ఆమె గడ్డం పట్టుకుని సరిచేశాం.

అనుమతి మరునాడు వచ్చింది. థియేటర్‌కు తీసుకెళ్లే ముందు నన్ను పిలిపించింది. "ఇప్పుడు దీనికి ఎంత పోద్ది బాబూ ఆయనకి?" అని అడిగింది. అంతా విన్నాక కూడా ఆ ప్రశ్న అడిగింది. పెద్ద మొత్తం కాదని చెప్పాను. ఇది ఆయన వాటా కాదు, మీదని చెప్పాను. వచ్చే ఏటికి మళ్లీ ఇద్దరికీ పూర్తిగా ఉంటుందని చెప్పాను. తల ఊపింది కానీ నమ్మినట్టు అనిపించలేదు. డెబ్బై ఏళ్లు ఒక లెక్కలో బతికిన మనిషి ఒక ఉదయంలో ఇంకో లెక్కలోకి రాదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుడి కంట్లో ఉన్నది నిలబడింది. చుక్కల మందు జీవితాంతం వేసుకోవాలి. ఆ తరువాత చెకప్‌కు వచ్చినప్పుడు వీర్రాజు గారు ఆమె చెయ్యి పట్టుకుని నడిపించారు. తాళం సంగతి ఎత్తలేదు. వాటాలు ఎవరు వేస్తున్నారని నేను అడిగితే, "కోడలే వేస్తుంది. రోజూ పేచీలే" అన్నారు.

ఆ వారమే సునీత గారు, నేను కూర్చుని డిశ్చార్జి రోజున చెప్పే మాటలను తిరగరాశాం. పాత వాక్యంలో తప్పేమీ లేదు, కాబట్టి దాన్ని తీసేయలేదు. దాని పక్కన ఇంకో రెండు చేర్చాం. ఇది ఈ ఏటికి మాత్రమే, వచ్చే ఏడు మళ్లీ మొత్తం వస్తుంది. మీ ఇద్దరిలో ఇంకొకరికి ఏదైనా జబ్బు ఉందా, డాక్టరు ఎవరైనా ఏమైనా చెప్పారా? రెండో ప్రశ్నను రోగిని కాక, పక్కన వచ్చిన మనిషిని అడగాలని నిర్ణయించుకున్నాం. మోకాలి నొప్పి అనీ, చెవి వినిపించదనీ, ఎప్పటి నుంచో కడుపులో గడ్డ ఉందనీ జవాబులు వచ్చేవి. అడిగేదాకా ఒక్కరూ చెప్పేవాళ్లు కాదు. రోగి పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి జబ్బు మా డెస్కుకు కనబడేది కాదు, ఎందుకంటే ఆ మనిషి పేరున కేసు ఉండేది కాదు.

కొద్ది నెలలకు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇన్‌స్ట్రుమెంటేషన్ పని దొరికి మానేశాను. ఇప్పుడు నా పని ప్రెషర్ గేజిలను సరిచూడడం. గేజి చూపే అంకె ఒక్కటే రాసుకుంటే దాన్ని రీడింగు అనరు. ఏ కొలతలో, ఏ సమయానికి అన్నది పక్కన ఉండాలి. లేకపోతే అంకె సరైనదే అయినా చూసినవాడు దానికి తనకు తెలిసిన అర్థం ఇచ్చుకుంటాడు. ఇది మొదటి ఏడాది బీటెక్ పాఠం. డెస్కులో మిగిలిన మొత్తాన్ని చదివి వినిపించేటప్పుడు అది ఏ సమయానికో చెప్పాలని మాకెవరూ నేర్పలేదు, నియమాల్లోనూ లేదు. పెద్దవాళ్ల కార్డు గురించి ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ముందుగా చెప్పేది ఎంత వస్తుందన్నది కాదు, ఏడాదికోసారి మళ్లీ వస్తుందన్న సంగతి. ఆ ఒక్క వాక్యం నాంచారమ్మ గారి కుడి కంటికి మాత్రమే సమయానికి అందింది.